ఆపరేషన్ తర్వాత ఊపిరి శాంపిల్ తీసి ఊపిరితిత్తుల దెబ్బ ముందే చెప్తారంట, నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట_కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. నాన్నకి ఫుడ్ పైప్‌లో క్యాన్సర్, కీమో అయిపోయింది, వచ్చే వారం విజయవాడలో ఆపరేషన్ పెట్టుకున్నాం, హాస్పిటల్ పేరు ఇక్కడెందుకులెండి. ఛాతీ వైపు నుంచి చేస్తారంట, ఒక ఊపిరితిత్తికి కాసేపు గాలి ఆపేసి రెండో దాంతోనే నడిపిస్తారంట, అది విన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. సరే అసలు సంగతి ఏంటంటే, నిన్న ఒక పీజీ డాక్టరమ్మాయి వచ్చి ఏదో రీసెర్చ్ అని చెప్పి కాగితం ఇచ్చింది. ఆపరేషన్‌కి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, మర్నాడు ఒకసారి నాన్న ఊపిరిని చల్లటి గొట్టంలోకి పట్టి అందులో చేరిన నీళ్లు తీసుకుంటారంట. ఊపిరితిత్తుల్లో వాపు, దెబ్బ ఎంత ఉందో అందులో తెలుస్తుందేమో చూస్తారంట. నాన్నేమో సంతకం పెట్టేద్దాం అంటన్నారు, బాబాయేమో మనోళ్ల మీద ప్రయోగాలు చేస్తన్నారు వద్దు అంటన్నాడు. రక్తం తీసి చూడొచ్చుగా, స్కాన్ తీయొచ్చుగా, ఊపిరి ఏంటి అసలు? ప్రమాదం ఏమన్నా ఉందా?

బెజవాడ_బుల్లోడు
బెంజ్ సర్కిల్ దగ్గర రాత్రిపూట పోలీసోళ్లు ఊదిస్తారుగా, అదే మిషన్ ఐసీయూలోకి తెచ్చినట్టున్నారు 😀 జోక్‌లే బ్రో, నాన్నగారికి అంతా మంచే జరుగుద్ది. కానీ నాకూ డౌటే, ఊపిరిలో ఏముంటది గాలి తప్ప?

కెమిస్ట్రీ_మాస్టారు
బుల్లోడు గారూ, జోక్ అన్నారు గానీ మీరు పట్టుకున్న కొస మంచిదే. అక్కడి నుంచే మొదలెడతా. మనం వదిలే గాలిలో ఎక్కువ భాగం నైట్రోజనే, ఆక్సిజన్ 16 శాతం దాకా మిగిలుంటది, కార్బన్ డయాక్సైడ్ 4 శాతం పైన, తర్వాత నీటి ఆవిరి. ఇవి పోను ఇంకా వందల రకాల ఆవిరి పదార్థాలు అతి సూక్ష్మంగా ఉంటయ్. 1971లో లైనస్ పాలింగ్, రెండు నోబెళ్లు తీసుకున్న ఆయనే, ఊపిరిని బాగా చల్లబరిచి పట్టి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో, అంటే ఆవిరుల్ని విడివిడిగా వేరు చేసే మిషన్‌లో పెడితే దాదాపు 250 పదార్థాలు బయటపడ్డయ్. అప్పటిదాకా ఎవరూ అన్ని ఉంటయ్ అనుకోలా.

ఇక పోలీసుల మిషన్. మన చట్టంలో రక్తం 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు కదా, ఆ హద్దు దగ్గర ఊపిరిలో ఎంత ఉంటదో లెక్క కడితే పది లక్షల పాళ్లలో 70–80 పాళ్లు వస్తది. ఇది చాలా ఎక్కువ కాబట్టే చేతిలో పట్టే మిషన్ కూడా పట్టేస్తది. ఊపిరితిత్తులు వాచినప్పుడు వచ్చే పదార్థాలు వంద కోట్లలో ఒకటో రెండో పాళ్లు, ఒక్కోటి ఇంకా తక్కువ. అందుకే దానికి జీసీ-ఎంఎస్ (ఆవిరుల్ని వేరు చేసి ఒక్కోటి ఏంటో గుర్తుపట్టేది) లాంటి పెద్ద మిషన్లు కావాల్సొస్తయ్. పోలీసులు వెతికేది ఒక్కటే, అదేంటో వాళ్లకి ముందే తెలుసు. ఇక్కడ అసలు ఏది వెతకాలన్నదే ఇంకా పూర్తిగా తేలలేదు.

మత్తుడాక్టర్
నేను మత్తు డాక్టర్ని, విజయవాడలోనే. మీ నాన్నగారి కేసు నేను చూడలేదు కాబట్టి ఆయన గురించి ఏమీ చెప్పను, విషయం వరకు చెప్తా. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఫుడ్ పైప్ ఆపరేషన్ ఊపిరితిత్తులకి ఎందుకు కష్టం అంటే, సర్జన్‌కి చోటు కావాలి కాబట్టి ఒక వైపు ఊపిరితిత్తిని ముడుచుకోనిస్తాం, గంటల తరబడి. ఆ టైమ్‌లో రెండో ఊపిరితిత్తి ఒక్కటే మొత్తం గాలి మోయాలి, దాన్ని ఎక్కువ సాగదీస్తే సాగదీతకే దెబ్బ తింటది. ముడుచుకున్నది మళ్లీ తెరుచుకున్నప్పుడు దానికో సమస్య, తగ్గిన రక్తం, తగ్గిన ఆక్సిజన్ ఒక్కసారిగా తిరిగొస్తాయి, అక్కడ తెల్లకణాలు చేరతాయి, వాటిలో న్యూట్రోఫిల్స్ హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఆక్సిడెంట్లు వదులుతాయి. సూక్ష్మజీవుల్ని చంపడానికి అవి చేసే పనే అది, కానీ ఇక్కడ సూక్ష్మజీవి లేదు, కాలేది మన సొంత కణాల పొరలే. ఆ పొరల్లోని కొవ్వు విరిగినప్పుడు 8-ఐసోప్రోస్టేన్, పెంటేన్, ఈథేన్ లాంటివి పుడతాయి. ఇవన్నీ ఊపిరితిత్తి లోపల గోడ మీదే పుడతాయి, గాలి ఆ గోడని రాసుకుంటూ బయటికొస్తుంది కాబట్టి వాటిలో కొంత ఊపిరితో కలిసి వస్తుంది. ఆ పీజీ అమ్మాయి వెతుకుతున్నది బహుశా ఇలాంటివే.

రక్తం చాలదా అన్నారు. ఒంట్లో వాపు ఎంతుందో చూపే సీఆర్‌పీ అనే రక్త పరీక్ష ఉంది కదా, అది పొట్ట కోసినా పెరుగుతుంది, తుంటి మార్చినా పెరుగుతుంది, పెద్ద ఆపరేషన్ ఏదైనా రెండో మూడో రోజుకి బాగా ఎక్కుతుంది. అది చూసి "వాపు ఊపిరితిత్తిలోనే ఉంది" అని చెప్పలేం. ఎక్స్‌రే, సీటీ బాగానే చూపిస్తాయి, కానీ తెల్లగా కనపడే సమయానికి లోపల నీరు చేరిపోయి ఉంటుంది. 2012 బెర్లిన్ నిర్వచనం ప్రకారం ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు చేరి ఆక్సిజన్ పడిపోయే తీవ్రమైన స్థితి) అని పేరు పెట్టాలంటే రక్తంలో ఆక్సిజన్ పీడనాన్ని మనం ఇస్తున్న ఆక్సిజన్ భాగంతో భాగిస్తే 300 లేదా అంతకన్నా తక్కువ రావాలి, మామూలు మనిషికి 450 దాకా వస్తుంది. 200 కిందకి పోతే మధ్యస్థం, 100 కిందకి పోతే తీవ్రం. అంటే 450 నుంచి 300కి జారేదాకా మనకి పేరు కూడా లేదు. ఆ జారే దారిలో ముందే ఏదన్నా గంట మోగుతుందా అన్నదే ఈ రీసెర్చ్ అంతా.

ఇంకో దారి ఉంది, బ్రాంకోస్కోప్ అనే కెమెరా గొట్టం ఊపిరితిత్తుల్లోకి పంపి సెలైన్ పోసి వెనక్కి లాగి ఆ నీళ్లు చూడటం. కచ్చితమైన సమాచారం వస్తుంది. కానీ అసలే ఆయాసపడే పేషెంట్‌కి అది చేస్తే ఆక్సిజన్ ఇంకా పడిపోవచ్చు, రోజుకి మూడుసార్లు చేయలేం. ఊపిరి అయితే ఎలాగూ వదులుతున్నాడు, పట్టుకోవడమే.

బ్రాడీపేట_కుర్రోడు
డాక్టర్ గారూ చాలా థాంక్సండీ, ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలా. అంటే రేపు ఆ ఊపిరి నీళ్లలో ఏదో ఎక్కువ ఉంది అని వస్తే నాన్నకి ముందే మందు ఇస్తారా?

మత్తుడాక్టర్
ఇవ్వరు. ఇది చాలా స్పష్టంగా తెలుసుకోండి. ఈ రోజుకి ఊపిరి రిపోర్ట్ చూసి ఆపరేషన్ పేషెంట్‌కి వైద్యం మార్చడం అనేది మామూలు ప్రాక్టీస్‌లో లేదు. ఆ శాంపిల్ మీ నాన్న కోసం కాదు, ముందు ముందు వచ్చే పేషెంట్ల కోసం. అది తెలిసే సంతకం పెట్టాలి, లేదా మానేయాలి.

కృష్ణలంక_పద్మ
డాక్టర్ గారూ మా వారికి మూడేళ్ల కిందట బైపాస్ అయింది. గుండె బాగానే ఉంది అన్నారు, రెండో రోజు ఆక్సిజన్ పడిపోయి మళ్లీ వెంటిలేటర్ పెట్టారు, గుండె ఆపరేషన్ చేస్తే ఊపిరితిత్తులకేంటి సంబంధం అని అడిగితే "అవుతాయమ్మా ఇలా" అనేసి వెళ్లిపోయారు. దేవుడి దయ వల్ల ఇప్పుడు బాగున్నారు, దుర్గమ్మ కొండ మెట్లు కూడా ఎక్కొచ్చారు. కానీ ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది నాకు.

మత్తుడాక్టర్
పద్మగారూ, మీకు ఆ రోజు చెప్పాల్సిన సమాధానం ఇది. బైపాస్‌లో హార్ట్-లంగ్ మిషన్ వాడితే రక్తం అంతా ప్లాస్టిక్ గొట్టాల గుండా తిరుగుతుంది, పరాయి వస్తువు తగిలింది అని రక్తంలోని రక్షణ వ్యవస్థ మొత్తం మేలుకుంటుంది. అదే టైమ్‌లో ఊపిరితిత్తుల గుండా రక్తం దాదాపు పోదు, గాలీ చాలామటుకు ఆగిపోతుంది. మిషన్ తీసేశాక ఒంట్లో తిరిగే రక్తమంతా ఊపిరితిత్తుల జల్లెడ గుండానే పోవాలి, మేలుకున్న తెల్లకణాలన్నీ అక్కడే చిక్కుకుంటాయి. పాతకాలం వాళ్లు దీన్ని "పంప్ లంగ్" అనేవాళ్లు. చాలామందికి తేలిగ్గా వచ్చి పోతుంది, కొద్దిమందికే తీవ్రమవుతుంది. ఊపిరి పరీక్షల మీద పని చేసేవాళ్లకి గుండె ఆపరేషన్ పేషెంట్లంటే ఆసక్తి ఎందుకంటే, దెబ్బ ఏ గంటకి మొదలైందో అక్కడ కచ్చితంగా తెలుసు. నెమ్ము చేసి వచ్చిన పేషెంట్‌లో ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు.

కృష్ణలంక_పద్మ
ఇంత చిన్న మాటలో అయిపోయేదానికి మూడేళ్లు పట్టింది. థాంక్సండీ.

ఐసీయూ_సిస్టర్
నేను ఐసీయూలో పన్నెండేళ్లుగా డ్యూటీ చేస్తున్నా, ఇలాంటి స్టడీకి శాంపిల్స్ పట్టడంలో హెల్ప్ చేశా కాబట్టి మా వైపు కష్టాలు చెప్తా, పేపర్లలో రాసేవాళ్లు ఇవి ఒక లైన్‌లో తేల్చేస్తారు.

పేషెంట్ తెలివిలో ఉంటే ముక్కుకి క్లిప్ పెట్టి నోట్లో గొట్టం పెట్టి పది పదిహేను నిమిషాలు మామూలుగా ఊపిరి వదలమంటాం, ఉమ్ము పోకుండా చూడాలి, మధ్యలో మింగమని చెప్పాలి. వచ్చేది ఒకటి రెండు మిల్లీలీటర్లు, అంతే. వెంటిలేటర్ మీద ఉంటే ఊపిరి బయటికొచ్చే పైపులో పెడతాం. మరి వెంటిలేటర్‌కి హ్యూమిడిఫయర్ ఉంటది కదా, అది వేడి నీటి ఆవిరి పంపిస్తా ఉంటది, పట్టిన నీళ్లలో పేషెంట్‌వి ఎన్ని మా హ్యూమిడిఫయర్‌వి ఎన్ని? హ్యూమిడిఫయర్ బదులు ఫిల్టర్ పెడితే అసలు నీళ్లే ఆ ఫిల్టర్‌లో ఆగిపోతయ్.

ఇంకోటి, మేము ప్రతి పేషెంట్ దగ్గరికి చేతులకి హ్యాండ్ రబ్ రాసుకునే వెళ్తాం, ఐసీయూ గాలంతా స్పిరిట్ వాసనే. గాలిలో ఆవిరులు పట్టే స్టడీ అయితే అది కూడా పడిపోద్ది. అందుకే గది గాలి కూడా ఒక ట్యూబ్‌లో విడిగా పడతాం, తర్వాత తీసివేయడానికి. కొత్త పైపు ప్లాస్టిక్ వాసన వేరే. ఆ రోజు ఎవరన్నా ఫినాయిల్‌తో ఫ్లోర్ తుడిచినా శాంపిల్ పక్కన పెట్టేసేవాళ్లు.

కెమిస్ట్రీ_మాస్టారు
సిస్టర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా, అసలు పెద్ద దొంగ మత్తు గ్యాసే. సెవోఫ్లూరేన్ ఇస్తే అది ఒంట్లో కొవ్వులో చేరి ఆపరేషన్ అయ్యాక రోజుల తరబడి ఊపిరిలో కొంచెం కొంచెంగా వస్తానే ఉంటది. జీసీ-ఎంఎస్ గ్రాఫ్‌లో దాని శిఖరం అంత ఎత్తున లేస్తే పక్కనున్న చిన్నవి దాని నీడలో పోతయ్. గ్యాస్ వద్దని నరంలోకి ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఇచ్చినా అది కూడా ఊపిరిలో కనపడుద్ది, దాన్ని ఊపిరిలో కొలవడం మీదే విడిగా పరిశోధన ఉంది. అంటే "ఆపరేషన్ ముందు, తర్వాత" అని పోల్చినప్పుడు కనపడే తేడాలో దెబ్బ ఎంత, మత్తు ఎంత, హాస్పిటల్ గాలి ఎంత అని విడదీయడమే అసలు పని.

ఐసోప్రీన్ అనేది ఇంకో తమాషా. అందరి ఊపిరిలో ఉంటది, తీవ్రంగా జబ్బు పడ్డ ఊపిరితిత్తుల్లో తగ్గుద్దని పాత పరిశోధనలు చూపించినయ్. కానీ మనిషి లేచి నాలుగు అడుగులు వేసినా అది ఎగిరి పడుద్ది, ఊపిరి వేగం మారినా మారుద్ది. మంచం మీద పడుకున్న మనిషిని కాసేపు కూర్చోబెట్టి కొలిస్తే వచ్చిన తేడాని జబ్బు ఖాతాలో వేసేయొచ్చు తెలీకపోతే.

బెజవాడ_బుల్లోడు
మాస్టారూ ఇవన్నీ వింటుంటే ఇది అయ్యే పనేనా అనిపిస్తంది. యాభై ఏళ్లైంది పాలింగ్ చేసి, ఇంకా తేలలేదంటే బాబాయ్ అన్నదే రైటేమో?

మత్తుడాక్టర్
బుల్లోడు గారూ, ఊపిరి టెస్టులు రాలేదు అనడం కరెక్ట్ కాదు. ప్రతి ఆపరేషన్‌లో నా ముందు స్క్రీన్ మీద ఒక గీత నడుస్తుంది, పేషెంట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ గీత. ట్యూబ్ సరిగ్గా గాలి గొట్టంలోకి వెళ్లిందా అన్నది మొదట చెప్పేది అదే. అది ఊపిరి పరీక్ష కాక ఇంకేంటి? కడుపులో పుండు చేసే హెలికోబాక్టర్‌కి యూరియా బ్రెత్ టెస్ట్ ఉంది. ఉబ్బసం వాళ్లకి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే ఫీనో టెస్ట్ ఉంది. 2004లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ గుండె మార్పిడి పేషెంట్లలో తిరస్కరణ పసిగట్టడానికి ఒక ఊపిరి పరీక్షకి పరిమిత అనుమతి ఇచ్చింది, 2022లో కోవిడ్‌కి ఒకదానికి అత్యవసర అనుమతి ఇచ్చింది. ఎక్కువగా ఒక్క పదార్థం, స్పష్టమైన ప్రశ్న ఉన్నచోటే ఊపిరి పరీక్ష బాగా పని చేసింది. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి దెబ్బ అనేది ఒక్క పదార్థం కథ కాదు, అందుకే ఆలస్యం.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఏఆర్‌డీఎస్ పేషెంట్ల ఊపిరి నీళ్లలో ఎక్కువుందని 1986లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎందుకు వాడట్లేదు మరి? అది నిలవదు, వెంటనే విరిగిపోతుంది. బీడీ కాల్చేవాళ్లకి ఏ ఆపరేషన్ లేకుండానే ఎక్కువ ఉంటుంది. పైగా ఊపిరి నీళ్లలో 99 శాతానికి పైగా ఉత్త ఆవిరే, ఊపిరితిత్తి గోడ మీది తేమ తుంపరలు అందులో ఎంత కలిశాయో మనిషికీ మనిషికీ మారుతుంది, అదే మనిషికి పొద్దున సాయంత్రం కూడా మారుతుంది. ఒక శాంపిల్‌లో ఏదో రెట్టింపు ఉందంటే జబ్బు రెట్టింపా, తుంపరలు రెట్టింపా? 2005లో అమెరికా, యూరప్ ఊపిరితిత్తుల సొసైటీలు రెండూ కలిసి ఈ పట్టే పద్ధతి మీద ఒక మార్గదర్శకం రాశాయి, కానీ ఈ చిక్కు దాంతో తీరిపోలేదు.

లెక్కల_రాజు
నాది బయోస్టాట్స్, అంటే వైద్య పరిశోధనల లెక్కలు చూసే పని, ఫార్మా కంపెనీలో. ఎవరూ ఎత్తని పాయింట్ ఒకటి చెప్తా. ఒక స్టడీలో 20 మంది పేషెంట్లు, ఒక్కొక్కరి ఊపిరిలో 300 పదార్థాలు కొలిచారు అనుకోండి. మామూలుగా పెట్టుకునే 5 శాతం గీత (అదృష్టం కొద్దీ తప్పు తేడా కనపడే అవకాశం నూటికి ఐదు) ప్రకారం చూస్తే, అసలు ఏ సంబంధం లేకపోయినా 300లో 15 పదార్థాలు కేవలం అదృష్టం కొద్దీ "తేడా ఉంది" అని చూపిస్తయ్. ఆ 15నీ పేపర్‌లో రాస్తే కొత్త బయోమార్కర్లు (జబ్బు ఆనవాళ్లు) కనిపెట్టాం అని హెడ్డింగ్ పెట్టుకోవచ్చు. ఇంకో ఊళ్లో ఇంకో టీమ్ చేస్తే వేరే 15 వస్తయ్. ఈ ఫీల్డ్‌లో ఒక పేపర్‌లో ఉన్నది ఇంకో పేపర్‌లో లేకపోవడానికి సగం కారణం ఇదే అని నా గట్టి నమ్మకం.

అందరూ అలా లేరు లెండి. నెదర్లాండ్స్ వాళ్లు 2014లో ఐసీయూ పేషెంట్ల ఊపిరి పట్టి ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్లని లేనివాళ్లని వేరు చేసేవి ఆక్టేన్, అసిటాల్డిహైడ్, 3-మిథైల్‌హెప్టేన్ అని మూడు పేర్లు పెట్టారు, పెట్టి ఊరుకోకుండా వేరే గుంపు పేషెంట్ల మీద మళ్లీ చూశారు. అదీ పద్ధతి. ఆక్టేన్ కూడా కొవ్వు విరిగితే వచ్చేదే కాబట్టి అర్థం కూడా ఉంది. అయినా సరే ఆక్టేన్ చూసి వెంటిలేటర్ సెట్టింగ్ మార్చే రోజు రాలేదు. పేషెంట్లు వందల్లో ఉండాలి, హాస్పిటళ్లు నాలుగైదు ఉండాలి, ఏం వెతుకుతున్నామో ముందే రాసి పెట్టుకోవాలి. కుర్రోడు బ్రో, ఆ పీజీ అమ్మాయిని ఇది అడుగు: స్టడీని సీటీఆర్‌ఐలో రిజిస్టర్ చేశారా అని. అది మన దేశం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

బ్రాడీపేట_కుర్రోడు
అడుగుతా అన్నా. కాగితం తెలుగులోనే ఉంది, చదివా. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నా వైద్యంలో తేడా ఉండదు, డబ్బులు అడగరు అని రాసుంది. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఉంది. ఇది సరిపోద్దా?

మత్తుడాక్టర్
అవన్నీ ఉండాల్సినవే. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో కూడా పేషెంట్‌కి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉండాలి అని ఉంది. మీ బాబాయి గారి భయం తప్పు కాదు, అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే ఇందులో ఒంట్లోకి ఏమీ ఎక్కించట్లేదు, ఒంట్లోంచి ఎలాగూ పోయేదాన్ని పట్టుకుంటున్నారు. ఒక్కటే అడగండి: ఆపరేషన్ అయ్యాక ఆయాసంగా ఉన్నా, నీరసంగా ఉన్నా ఆ పూట శాంపిల్ వదిలేస్తారా అని. వదిలేస్తాం అంటే నిశ్చింతగా ఇవ్వొచ్చు. నిర్ణయం నాన్నగారిది, ఆయన తెలివిలో ఉన్న మనిషి, సంతకం ఆయన పెట్టాలి, మీరూ బాబాయీ కాదు.

ఐసీయూ_సిస్టర్
నాన్నగారు బీడీ తాగుతారా? మానేశారా?

బ్రాడీపేట_కుర్రోడు
మానేశాను అంటారండీ 🙂 కీమో మొదలైనప్పటి నుంచి ఇంట్లో అయితే చూడలా. అరండల్‌పేట వైపు వాకింగ్‌కి వెళ్లొస్తారు రోజూ, అక్కడ ఏం చేస్తారో మాకు తెలీదు.

ఐసీయూ_సిస్టర్
అయితే ఒక సంగతి చెప్తా నవ్వుకోండి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న మిషన్ ఉంటది, ఊదగానే నంబర్ వస్తది. బీడీ సిగరెట్ తాగితే కొన్ని గంటలపాటు అది పెరిగే ఉంటది. ప్రీ-ఆపరేషన్ చెకప్‌లో "మానేశా తల్లీ, అమ్మవారి మీద ఒట్టు" అన్న ఒక పెద్దాయన ఊదితే 18 వచ్చింది, పది లోపుండాలి. ఆయన పెళ్లాం పక్కనే ఉంది పాపం. ఆ రోజు ఆ మిషన్ చేసిన కౌన్సెలింగ్ మేమెవరం చేయలేదు.

బెజవాడ_బుల్లోడు
😂😂 పోలీసోళ్ల మిషన్ అని నేనన్నది ఇందుకే

మిర్చియార్డ్_మూర్తి
ఈ ఫీనో టెస్ట్ అన్నారు కదా డాక్టర్ గారూ, మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. నాకు ఆపరేషన్ ఏం లేదు. యార్డ్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నా, సీజన్ వస్తే చాలు దగ్గు, రాత్రిళ్లు పిల్లికూతలు. ఆ టెస్ట్ చేయించుకుంటే మిర్చి ఘాటు ఊపిరితిత్తుల్లో పట్టేసిందో లేదో తెలుస్తదా?

మత్తుడాక్టర్
మూర్తిగారూ, మిర్చి ఘాటుకి దగ్గు రావడం నరాల పని, కాప్సైసిన్ గొంతులో గాలిగొట్టాల్లో నరం కొసల్ని రేపుతుంది, అది ఆరోగ్యవంతుడికైనా వస్తుంది. ఫీనో చూసేది అది కాదు, ఎలర్జీ తరహా వాపు, ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు చేసే వాపు. పెద్దవాళ్లలో వంద కోట్లలో 25 పాళ్ల లోపుంటే ఆ తరహా వాపు ఉండే అవకాశం తక్కువ, 50 దాటితే ఎక్కువ, మధ్యలో ఉంటే మిగతా లక్షణాలతో కలిపి చూడాలి. పిల్లికూతలు అన్నారు కాబట్టి ముందు ఛాతీ డాక్టర్‌కి చూపించుకుని స్పైరోమెట్రీ (ఎంత గాలి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పరీక్ష) చేయించుకోండి, ఫీనో దానికి తోడు మాత్రమే. ఆ రోజు పాలకూర, బీట్‌రూట్ తినకండి, వాటిలో నైట్రేట్ ఎక్కువ, రీడింగ్ పెరిగిపోతుంది. సిగరెట్ తాగితే రీడింగ్ తగ్గుతుంది, కాబట్టి అదీ వద్దు, ఆ రోజనే కాదు.

లెక్కల_రాజు
ఫీనోనే తీసుకోండి కుర్రోడు బ్రో, మంచి ఉదాహరణ. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉందని 1991లో చూపించారు, ఎంత ఉంటే ఏమనాలి అన్న ఆ 25, 50 గీతలు అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011లో ఇచ్చింది. ఒక్కటే పదార్థం, అదీ సెకనుకి 50 మిల్లీలీటర్ల వేగంతో ఊదాలి అని పద్ధతి బిగించుకుని కూడా, మొత్తం ఇరవై ఏళ్లు పట్టింది. మీ నాన్నగారి స్టడీలో చూసేవి ఎన్ని ఉంటాయో తెలీదు.

కెమిస్ట్రీ_మాస్టారు
పద్ధతి బిగించడం అన్నారు చూడండి, అసలు ఆట అక్కడే. ఊపిరి మొదటి భాగం గొంతు, పెద్ద గొట్టాల గాలి, చివరి భాగం ఊపిరితిత్తి లోతుల్లోంచి వచ్చేది. లోపలి దెబ్బ కావాలంటే చివరి భాగమే పట్టాలి, అందుకు కార్బన్ డయాక్సైడ్ గీత చూసి ఎక్కినప్పుడే వాల్వ్ తెరిచే ఏర్పాట్లు ఉన్నయ్. ఊపిరి నీళ్ల ఆమ్లగుణం కొలిస్తే ఇంకో చిక్కు, నోట్లోని అమోనియా కలిసి లెక్క తప్పుద్ది. వెంటిలేటర్ ట్యూబ్ ఉన్న పేషెంట్‌కి నోరు దారిలో లేదు కాబట్టి ఆ బాధ తక్కువ, అదొక్కటే ఐసీయూ చేసిన మేలు.

బ్రాడీపేట_కుర్రోడు
అప్‌డేట్: నాన్న సంతకం పెట్టేశారు. పీజీ మేడమ్‌ని రాజు అన్న చెప్పినవన్నీ అడిగా. రిజిస్టర్ చేశారంట, నంబర్ చూపించింది, ఆయాసంగా ఉంటే ఆ శాంపిల్ వదిలేస్తాం అని తనే చెప్పింది. బాబాయి ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు కానీ వచ్చే వారం డ్యూటీ మాత్రం తనే చేస్తాడంట రాత్రిళ్లు. ఒక్క డౌట్, ఆ రిపోర్ట్ మాకు ఎప్పుడిస్తారు అంటే ఇవ్వం అంది. అదేంటండీ?

మత్తుడాక్టర్
కరెక్టే చెప్పింది. శాంపిల్స్ మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి అందరివీ చేరాక ఒకేసారి పరీక్షిస్తారు, నెలలు పడుతుంది, పేర్లు తీసేసి నంబర్లే ఉంటాయి. పైగా ఎంతుంటే మామూలు, ఎంతుంటే ఎక్కువ అని గీతే లేనప్పుడు ఆ నంబర్ మీ చేతికిచ్చి ప్రయోజనం ఏంటి, గూగుల్ చేసి భయపడటం తప్ప.

మీ నాన్న ఊపిరితిత్తుల్ని కాపాడేవి వేరే ఉన్నాయి. ఆపరేషన్‌లో మత్తు డాక్టర్ చిన్న చిన్న మోతాదుల్లో గాలి ఇస్తాడు, మనిషి ఎత్తుని బట్టి లెక్కగట్టి, బరువుని బట్టి కాదు. 2013లో ఫ్రాన్స్‌లో పెద్ద పొట్ట ఆపరేషన్లు అయిన 400 మంది మీద చిన్న మోతాదులకి తోడు ఊపిరితిత్తి ముడుచుకోకుండా కాస్త ఒత్తిడి కూడా పెట్టి చూశారు, ఆ పద్ధతిలో గాలి ఇచ్చినవాళ్లలో పెద్ద సమస్యలు 10.5 శాతం మందికి వస్తే పాత పద్ధతిలో 27.5 శాతం మందికి వచ్చాయి. అయ్యాక నొప్పి బాగా తగ్గించాలి, నొప్పి ఉంటే దగ్గలేరు, దగ్గకపోతే కఫం అడుగున చేరుతుంది. నొప్పికి ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర సన్నటి గొట్టం పెట్టి మందివ్వడం) పెడతారా అని మీ మత్తు డాక్టర్‌ని అడగండి, అడిగితే ఎవరూ ఏమనుకోరు.

మిర్చియార్డ్_మూర్తి
టోకెన్ తీసుకున్నా గుంటూర్లోనే, ఛాతీ డాక్టర్ దగ్గర. ఇంట్లో ఈ వారం పాలకూర పప్పు బంద్ అని చెప్పా, ఎందుకో చెప్పలా 😀

ఐసీయూ_సిస్టర్
కుర్రోడు బాబూ, ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే మూడు బంతుల మిషన్ ఇప్పుడే కొనుక్కుని ఇంట్లోనే మొదలెట్టించండి, ఆపరేషన్ అయ్యాక కొత్తగా నేర్పితే ఎవరికీ రాదు. ఊదకూడదు, పీల్చాలి, అందరూ ఊదుతారు. మొదటి బంతి 600, రెండోది 900, మూడోది 1200 అని రాసుంటది, ఆపరేషన్ ముందు నాన్నగారు ఎన్ని లేపుతున్నారో రాసి పెట్టుకోండి, అయ్యాక ఫిజియో వచ్చినప్పుడు ఆ కాగితం చూపించండి. పొద్దున రాత్రి పళ్లు తోమించండి, నోట్లో మురికి ఊపిరితిత్తుల్లోకి జారితే నెమ్ము చేస్తది. ఐసీయూలోకి అటెండర్లని ఒక్కొక్కళ్లనే పంపుతారు, బాబాయి గారికి ముందే చెప్పండి, అక్కడ గొడవ పెట్టుకోకుండా.